స్వర్ణముఖి ఒడ్డు నుంచి మామిడి మిట్టల దాకా: తిరుపతి, చిత్తూరు పల్లెదారుల్లో రోడ్డు సైక్లింగ్

తిరుపతిలో సైకిల్ తొక్కుతానంటే ఎవరైనా మొదట కొండ గురించే అడుగుతారు. నా రైడ్లన్నీ మాత్రం ఆ కొండను వెనక పెట్టుకుని సాగేవే. ఊరు దాటి తూర్పుకు తిరిగితే స్వర్ణముఖి పక్కన వరి కయ్యలు, చెరుకు, చెనిక్కాయ చేలు. నేల చదును, రోడ్డు సూటి. దక్షిణానికి, పడమటికి తిరిగితే పుత్తూరు, కార్వేటినగరం, చిత్తూరు వైపు ఎర్రమట్టి మిట్టలు, వాటి మీద వరసలు తీర్చిన మామిడి తోటలు. మిట్ట అంటే కొండ కాదు, గుట్ట కూడా కాదు. రోడ్డు కొద్దిగా లేచి, కొద్దిగా దిగి, మళ్లీ లేస్తుంది. మా వైపు ఎన్నో ఊళ్ల పేర్ల చివర ఈ మాట ఉంటుంది. రోడ్డు సైకిల్‌కు ఇంతకంటే మంచి నేల నాకు తెలియదు.

ఐరోపాలో ద్రాక్షతోటల మధ్య సైకిల్ తొక్కడానికి జనం ప్రత్యేకంగా సెలవు పెట్టుకుని వెళ్తారు. జర్మనీలో 1935లో మొదలైన వైన్ రోడ్డు ఒకటి ఉంది, పొడవు సుమారు 85 కి.మీ. ఏటా ఆగస్టు చివరి ఆదివారం ఆ దారిలో కార్లు ఆపేసి నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదిలేస్తారు. మన దగ్గర ద్రాక్ష లేదు, మామిడి ఉంది. రోడ్డు మూసిచ్చే రోజు లేదు, తెల్లవారుజాము ఉంది. ఆ తెల్లవారుజామును, ఆ మామిడినీ వరినీ చూసుకుని రైడ్ ఎలా వేసుకోవాలో, 25 కి.మీ. కూడా తొక్కని వారు 80 కి.మీ. దాకా ఎలా వెళ్లొచ్చో ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు నెల చూసుకోండి

కొత్తవాళ్లు సైకిల్ కొనడంతో మొదలుపెడతారు. నేనైతే క్యాలెండర్‌తో మొదలుపెట్టమంటాను. ఈ దారులు రైతులవి. ఏ నెలలో ఏ పంట రోడ్డెక్కుతుందో తెలుసుకుంటే ఎటు వెళ్లాలో, ఎటు వెళ్లకూడదో తేలిపోతుంది.

డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా మనకు మంచి కాలం. పొద్దున చలి, చెరువుల్లో నీళ్లు, పచ్చని కయ్యలు. మామిడి పూత కూడా అప్పుడే. జనవరిలో పూత మీదున్న తోటల మధ్య తొక్కితే ఆ వాసన రైడ్ అంతా మనతోనే వస్తుంది. చెరుకు కొట్టి బెల్లం వండే రోజులు కూడా ఇవే.

మార్చిలో ఎండ ముదురుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ రెండు నెలలు 40 కి.మీ. లోపు రైడ్లు పెట్టుకుని ఏడున్నరకల్లా ఇంట్లో ఉండండి. జూన్, జులై తోతాపురి కోతల కాలం. చిత్తూరు జిల్లా గుజ్జు ఫ్యాక్టరీల ముందు మామిడి ట్రాక్టర్లు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరతాయి. ఆ రోడ్లలో ట్రాక్టర్ల మీంచి రాలిన కాయలు చక్రాల కింద నలిగి జారుతుంటాయి. డ్రైవర్లు కూడా రాత్రంతా నిద్రలేకుండా వరసలో ఉన్నవాళ్లే. ఆ రెండు నెలలు ఫ్యాక్టరీలున్న పెద్ద రోడ్లు వదిలి తోటల మధ్య చిన్న దారులు పట్టాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారం దాకా ఈశాన్య రుతుపవనాలు. మనకు పెద్ద వానలు అప్పుడే. ఏడాదిలో చాలా భాగం ఇసుక తప్ప ఏమీ కనిపించని స్వర్ణముఖి, 2021 నవంబరులో ఎలా పొంగిందో తిరుపతి వాళ్లెవరూ మరచిపోలేదు. పల్లెదారుల్లో వాగుల మీద చాలాచోట్ల వంతెన ఉండదు, చప్టానే. దాని మీద నీళ్లు పారుతుంటే, అవి చీలమండ లోతే అనిపించినా, సైకిల్ తిప్పేయండి. అడుగున సిమెంటు కొట్టుకుపోయిందో లేదో పైనుంచి కనబడదు. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినొద్దు.

పండుగలు కూడా చూసుకోవాలి. పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా, తమిళనాడు నుంచి భక్తులు గుంపులు గుంపులుగా నడిచి వస్తారు. చీకట్లో రోడ్డు అంచునే నడుస్తుంటారు. పుత్తూరు రోడ్డులో ఆ నెల మనం ఇంకా నెమ్మదిగా వెళ్లాలి. కనుమ నాడు చంద్రగిరి పక్కన రంగంపేటలో పశువుల పండుగ జరుగుతుంది, వేలమంది వస్తారు. ఆ రోజు కళ్యాణి డ్యామ్ దారి మానుకోండి.

2. సైకిల్: టైరు దగ్గర రాజీ పడొద్దు

ఫ్రేము అల్యూమినియమా, కార్బనా అనే చర్చ తర్వాత చేసుకోవచ్చు. మన రోడ్లకు మొదట చూడాల్సింది టైరు వెడల్పు. రేసు సైకిళ్లకు వచ్చే 23 మి.మీ. టైర్లు ఇక్కడ పనికిరావు. 28 మి.మీ. కనీసం, ఫ్రేములో పడితే 32 ఇంకా మేలు. వెడల్పు టైరులో గాలి కాస్త తక్కువ పెట్టుకోవచ్చు కాబట్టి తారు లేచిపోయిన చోట చేతులు నొప్పెట్టవు, వేగం కూడా తగ్గదు. 70 కిలోల మనిషికి 28 టైరులో ముందు 70, వెనక 75 పీఎస్ఐ (పంపు మీద గాలి ఒత్తిడి చూపే అంకె) సరిపోతుంది. 32 అయితే 55 నుంచి 60. టైరు మీద రాసిన గరిష్ఠ అంకె దాకా కొట్టించడం చాలామంది చేసే పొరపాటు. టైరు రాయిలా మారి ప్రతి గులకరాయినీ మన నడుముకు చేరవేస్తుంది.

రోడ్డు సైకిళ్ల ట్యూబుకు గాలి కొట్టే చోట ఎక్కువగా సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటుంది. పల్లెల్లో పంచర్ షాపు ప్రతి కూడలిలో ఉంటుంది కానీ అక్కడి పంపు దీనికి పట్టదు. వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది. కొని వాల్వ్‌కు బిగించి ఉంచేయండి, ఇక ఏ ఊళ్లోనైనా గాలి దొరికినట్టే.

గేర్ల సంగతి. పెడల్ దగ్గరి రెండు పళ్ల చక్రాలకు 50, 34 పళ్లు, వెనక చక్రం పళ్ల గుత్తి (క్యాసెట్) 11 నుంచి 32 పళ్ల దాకా ఉంటే ఇక్కడి మిట్టలన్నీ కూర్చునే ఎక్కొచ్చు. గేర్లు లేని పాత సైకిల్ ఉన్నా తూర్పు వైపు చదును రైడ్లకు ఏ ఇబ్బందీ లేదు. దాంతోనే మొదలుపెట్టండి.

సీటు ఎత్తు మాత్రం మొదటి రోజే సరిచూసుకోవాలి. గోడకు ఆనుకుని సీటు మీద కూర్చుని, మడమను పెడల్ మీద పెట్టి, పెడల్‌ను కింది దాకా తొక్కండి. కాలు పూర్తిగా చాపుకోవాలి, నడుం పక్కకు ఒరగకూడదు. తర్వాత మడమ బదులు పాదం ముందు భాగం పెడితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. లెక్క కావాలంటే, తొడల మూలం నుంచి నేల దాకా కొలిచి 0.883తో గుణించండి. పెడల్ కడ్డీలు రెండూ కలిసి తిరిగే ఇరుసు (బాటమ్ బ్రాకెట్) మధ్య నుంచి సీటు పైదాకా అంత ఉండాలి. మా ఊళ్లో సైకిల్ తొక్కి మోకాళ్లు నొప్పి అని మానేసిన వాళ్లలో చాలామంది సీటు రెండు అంగుళాలు కిందికి పెట్టుకుని తొక్కినవాళ్లే. అది చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఒక్క స్క్రూ తిప్పితే సరిపోయేది.

3. నాలుగున్నరకు లేవండి

తిరుపతిలో డిసెంబరు చివర సూర్యుడు ఆరున్నరకు, మే చివర ఆరుకు ముందే వస్తాడు. వెలుతురు రాకముందే ఊరు దాటేయాలి. ఐదు నుంచి ఏడు దాకా ఉన్న రెండు గంటలే మనకు రోడ్డు మూసిచ్చిన సమయం అనుకోండి.

ఆ వేళలో జాగ్రత్త పడాల్సినవి రెండు. ఒకటి, రాత్రంతా నడిపి దర్శనానికి వచ్చే కార్లు. డ్రైవరుకు కళ్లు మూతలు పడుతుంటాయి. అందుకే హైవే మీద ఉన్న కొద్ది కిలోమీటర్లూ అంచు తెల్లగీతకు ఎడమ పక్కనే ఉండండి. వెనక ఎర్ర లైటు మెరిసే పద్ధతిలో వెలగాలి, ముందు లైటు రోడ్డు గుంతలు కనిపించేంత ఉండాలి. 400 ల్యూమెన్ల (వెలుగు కొలత) లైటు తీసుకుంటే ఏ గుంతా దాక్కోదు. రెండోది పాల వ్యాన్లు. ఆరుకల్లా పల్లె పల్లెలో క్యాన్లు ఎత్తుకోవాలి కాబట్టి అవి ఆగవు, మలుపుల్లో కూడా నెమ్మదించవు. మలుపు దగ్గర ఎడమ అంచు వదలొద్దు.

హెల్మెట్ లేకుండా బయలుదేరేవాళ్లతో నేను రైడ్‌కు రాను.

4. మొదటి రైడ్: గుడిమల్లం

కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పే మొదటి దారి ఇదే. తిరుపతి నుంచి రేణిగుంట, పాపానాయుడుపేట మీదుగా గుడిమల్లం. ఒక వైపు పాతిక నుంచి ముప్ఫై కి.మీ. రేణిగుంట దాకా వాహనాలుంటాయి, అది దాటి చిన్న దారిలోకి తిరిగాక ఒక్కసారిగా శబ్దం ఆగిపోతుంది. రెండు పక్కలా వరి, మధ్యలో తాటిచెట్లు, నీళ్లున్న కయ్యల్లో తెల్ల కొంగలు. పాపానాయుడుపేట గాజు పూసలకు పేరుపడ్డ ఊరు. కరిగిన గాజును గొట్టంలా సాగదీసి ముక్కలు చేసే పాత పద్ధతి అక్కడ తరాలుగా నిలిచింది.

గుడిమల్లంలో పరశురామేశ్వరస్వామి గుడి చిన్నది, గర్భగుడి నేలకంటే కిందికి ఉంటుంది. లింగం మీద శివుడి రూపం నిలువెత్తుగా చెక్కి ఉంటుంది. క్రీస్తుపూర్వం 2, 1 శతాబ్దాల నాటిదని చరిత్రకారుల్లో చాలామంది చెప్పే మాట. రెండువేల ఏళ్లుగా జనం ఈ పొలాల మధ్య నడిచి వచ్చిన చోటికి సైకిల్ మీద చేరుకోవడం నాకు ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది.

ఈ రైడ్‌లో నేర్చుకోవాల్సినవి రెండే. మొదటిది కాళ్ల వేగం. చదును నేల మీద కొత్తవాళ్లు బరువు గేరు వేసి మెల్లగా, బలంగా తొక్కుతారు. ముప్ఫై కి.మీ. దాటేసరికి తొడలు పట్టేస్తాయి. తేలిక గేరు వేసుకుని నిమిషానికి 80, 90 చుట్లు తిప్పండి. మొదట్లో గాలిలో తొక్కినట్టుంటుంది, రెండు వారాల్లో అలవాటవుతుంది. మాట్లాడుతూ తొక్కగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట తెగిపోతుంటే తగ్గించండి.

రెండోది గాలి. చదును నేల మీద మన శత్రువు బరువు కాదు, ఎదురుగాలి. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది. 20 నుంచి 30కి వెళ్తే అడ్డు రెండు రెట్లు దాటుతుంది. చలికాలంలో ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి గుడిమల్లం వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. ఇదే మంచిది. ఒంట్లో శక్తి ఉన్నప్పుడు కష్టం, అలసినప్పుడు సాయం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమటి వైపు నుంచి వస్తుంది, అప్పుడు మొదట చంద్రగిరి వైపు వెళ్లి రావాలి. ఇంట్లోంచి బయలుదేరే ముందు మేడ మీద ఆరేసిన బట్టలు ఎటు ఎగురుతున్నాయో చూడండి. ఫోన్‌లో చూసినదానికంటే అది నమ్మకం.

ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఒకరి వెనక ఒకరు వెళ్లండి. ముందువారి వెనక సగం మీటరు దూరంలో ఉంటే శ్రమ బాగా తగ్గుతుంది. ఐదు నిమిషాలకోసారి ముందున్నవారు పక్కకు తప్పుకుని వెనక్కి చేరాలి. ముందున్నవారు గుంతను చేత్తో చూపించాలి, స్పీడ్ బ్రేకర్ వస్తే అరవాలి. పల్లెల్లో చాలా బ్రేకర్లకు తెల్ల రంగు ఉండదు, ఊరి మొదటి ఇల్లు కనిపించగానే ఒకటి ఉందనే అనుకోండి. అలవాటు లేని వాళ్లు మాత్రం రెండు మీటర్లు వదలాలి, ముందు సైకిల్ టైరుకు మన టైరు తగిలితే పడేది మనమే.

5. తిండి, నీళ్లు

గంటన్నర లోపు రైడ్‌కు ఖాళీ కడుపుతో వెళ్లినా ఏమీ కాదు. అంతకు మించితే, ఒంట్లో దాచిన చక్కెర రెండు గంటలకు అటూ ఇటూగా అయిపోతుంది. నాకిది నారాయణవనం నుంచి తిరిగి వస్తున్నప్పుడు తెలిసొచ్చింది. పొద్దున కాఫీ తప్ప ఏమీ తినలేదు. వడమాలపేట దగ్గర చేతులు వణికి, కళ్లు తిరిగి, రోడ్డు పక్క చింతచెట్టు కింద కూర్చుండిపోయాను. చెనిక్కాయలు కాపలా కాస్తున్న ఒక అవ్వ, "ఏం నాయనా, పొద్దున సంగటి తిన్లేదా?" అని బెల్లం ముక్క, చెంబుతో నీళ్లు ఇచ్చింది. ఇరవై నిమిషాల్లో లేచి మళ్లీ తొక్కగలిగాను. అప్పటి నుంచి నా జేబులో బెల్లం లేకుండా రైడ్ లేదు.

లెక్క ఇది. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు. చెనిక్కాయ చిక్కీ, ఖర్జూరం, బెల్లం అన్నీ పనికొస్తాయి. ఆకలేశాక తింటే ఆలస్యమైనట్టే, అరగంటకోసారి కొంచెం కొంచెం తినాలి. కొత్త జెల్ ప్యాకెట్ల కోసం డబ్బు తగలేయొద్దు, మన చిక్కీ చాలు.

నీళ్లు చలికాలంలో గంటకు అర లీటరు, ఎండాకాలంలో ముప్పావు లీటరు. ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు. ఒక సీసాలో ఉప్పు, చక్కెర, నిమ్మరసం కలిపిన నీళ్లు పెట్టుకోండి. దారిలో మజ్జిగ దొరికితే ఆగండి. టెంకాయ నీళ్లలో పొటాషియం ఉంటుంది కానీ ఉప్పు తక్కువ, దాంతోపాటు ఉప్పేసిన ఏదైనా తినాలి. రైడ్ అయ్యాక రాగి సంగటి, ఊరిబిండి. దీనికి నేను ఏ కారణమూ చెప్పను, తిని చూడండి.

6. రెండో మెట్టు: చంద్రగిరి, కళ్యాణి డ్యామ్

గుడిమల్లం నాలుగైదు సార్లు హాయిగా వెళ్లొచ్చాక పడమటికి తిరగండి. తిరుపతి నుంచి తొండవాడ, అక్కడ స్వర్ణముఖి, కళ్యాణి, భీమా నదులు కలిసే చోట అగస్త్యేశ్వరుడి గుడి. అక్కడి నుంచి శ్రీనివాస మంగాపురం, రంగంపేట మీదుగా కళ్యాణి డ్యామ్. తిరిగి వచ్చేటప్పుడు చంద్రగిరి కోట. మొత్తం 40 కి.మీ. పైచిలుకు. కోటలోని రాజమహల్ విజయనగర రాజుల చివరి రోజులు చూసింది. 1639లో మద్రాసు నేల ఇంగ్లిషు వాళ్లకు దక్కిన కథ చంద్రగిరి రాజుతో ముడిపడినదే.

ఈ దారిలో మొదటిసారి మిట్టలు తగులుతాయి. ఎక్కడం ఎలాగో ఇక్కడ నేర్చుకోవాలి. మిట్ట మొదలయ్యే ముందే, కాళ్ల మీద బరువు పడకముందే గేరు తగ్గించండి. సగం ఎక్కాక బలంగా తొక్కుతూ గేరు మారిస్తే చైను కరకరలాడుతుంది, కొన్నిసార్లు జారిపోతుంది కూడా. సీటు మీద కాస్త వెనక్కి జరిగి కూర్చోండి, చేతులు వదులుగా పెట్టండి, ఊపిరి పొట్టలోంచి తీసుకోండి. మిట్ట మొదట్లో వేగం చూసి ఉత్సాహపడి లేచి నిలబడి తొక్కేవాళ్లు పైకి చేరేసరికి ఆగిపోతారు. మొదటి సగం నెమ్మదిగా, రెండో సగం అదే ఊపులో. మిట్ట పైకి చేరగానే తొక్కడం ఆపొద్దు, ఇంకో పది సెకన్లు తొక్కితే దిగుడు దానంతటదే మనల్ని తీసుకెళ్తుంది. అలా ఒక మిట్ట దిగుడు ఊపుతో తర్వాతి మిట్ట సగం ఎక్కేయడం ఈ నేల ఇచ్చే అసలు ఆనందం.

దిగేటప్పుడు చేతులు హ్యాండిల్ కింది వంపులో, రెండు వేళ్లు బ్రేకుల మీద. మలుపులోకి వెళ్లే ముందే వేగం తగ్గించాలి, మలుపులో బ్రేకు నొక్కకూడదు. మన రోడ్ల మలుపుల్లో ఇసుక పేరుకుపోయి ఉంటుంది.

డ్యామ్ వైపు శేషాచలం అడవి అంచు. చిరుతలు, ఏనుగులు తిరిగే చోటు. ఈ ఒక్క దారికి మాత్రం తెల్లవారుజాము చీకట్లో వెళ్లొద్దు, బాగా వెలుతురు వచ్చాకే.

7. రోడ్డు మీద పంట

దీన్ని విడిగా రాస్తున్నాను, ఎందుకంటే ఏ సైక్లింగ్ పుస్తకమూ దీని గురించి చెప్పదు. జనవరి, ఫిబ్రవరిల్లో ఉలవచెట్లు పీకి రోడ్డు మీద పరుస్తారు. లారీలు, బస్సులు తొక్కితే గింజ రాలుతుంది. వాటి తీగలు సైకిల్‌కు చాలా ప్రమాదం. చైనులో, వెనక గేర్ల మధ్య చుట్టుకుని చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. గేరు మార్చే పరికరం విరిగి లోపలికి ముడుచుకుపోవడం నా కళ్ల ముందే జరిగింది. ఉలవలు పరిచిన చోట దిగండి, సైకిల్ ఎత్తుకుని అంచున నడవండి. వంద మీటర్లు నడిస్తే నష్టమేమీ లేదు.

వడ్లు, చెనిక్కాయలు ఆరబోసిన చోట సైకిల్ దొర్లుతుంది కానీ జారుతుంది. బ్రేకు వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా సూటిగా వెళ్లాలి. కుప్పల అంచున రాళ్లు పెట్టి ఉంటారు, పొద్దు వాలాక అవి కనిపించవు. వీలైనంత వరకు పంట మీద చక్రం వేయకుండా మిగిలిన సందులోంచే వెళ్లండి. అది ఆ ఇంటివాళ్ల ఏడాది కష్టం. రైతులు రోడ్డు ఆక్రమిస్తున్నారని విసుక్కునే సైకిల్ వాళ్లను చూశాను. కల్లం లేని చిన్న రైతుకు ఆ తారు తప్ప వేరే చదును నేల లేదు. నేను ఎప్పుడూ దిగి, పలకరించి వెళ్తాను. తిరిగి వచ్చేసరికి వాళ్లే దారి చేసి ఉంచుతారు.

చెరుకు ట్రాక్టర్లను ఎడమ నుంచి దాటే ప్రయత్నం చేయకండి. గడలు పక్కకు అడుగు, రెండడుగులు పొడుచుకుని ఉంటాయి. కుక్కలు తరుముకొస్తే వేగం పెంచొద్దు. ఆగి, దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య పెట్టి గట్టిగా అదిలించండి. దాదాపు ప్రతిసారీ వెనక్కి తగ్గుతుంది.

8. పంచర్ మీరే వేసుకోవాలి

కంపచెట్ల ముళ్లు, పల్లేరు కాయలు. ఈ రెండూ మన నేలలో టైరుకు శత్రువులు. కంప కొట్టిన రోజు ఆ దారంతా ముళ్లే. తారు దిగి మట్టిలో సైకిల్ ఆపకండి, ఎత్తి పెట్టండి.

రెండు కొత్త ట్యూబులు, రెండు ప్లాస్టిక్ లీవర్లు, ప్యాచ్‌లు, చిన్న పంపు. ఇవి లేకుండా గడప దాటొద్దు. పంచర్ అయితే చక్రం విప్పి, టైరు ఒక అంచు లీవర్లతో ఎత్తి ట్యూబు లాగండి. కొత్త ట్యూబు వేసే ముందు అసలు పని ఉంది. ట్యూబులో గాలి కొట్టి రంధ్రం ఎక్కడుందో చూడండి, వాల్వ్ నుంచి ఆ దూరాన్ని టైరు మీద కొలిచి అక్కడ ముల్లు వెతకండి. తర్వాత టైరు లోపలంతా గుడ్డతో తుడవండి, గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఇంకో ముల్లు ఉంది. వేళ్లతో తడిమితే తెగుతాయి. పల్లేరు కాయ ఒక్కటి ఎక్కితే రెండు మూడు ముళ్లు దిగి ఉంటాయి, ఒకటి తీసి సంతోషపడితే కిలోమీటరు దాటకముందే మళ్లీ గాలి పోతుంది. ముళ్లన్నీ తీశాకే కొత్త ట్యూబుకు కొంచెం గాలి పెట్టి, లోపల మడత పడకుండా అమర్చి, టైరు అంచును వీలైనంత వరకు చేత్తోనే ఎక్కించండి. ఇంట్లో రెండుసార్లు సాధన చేస్తే రోడ్డు మీద టెన్షన్ ఉండదు.

పడితే, భుజం దగ్గర జత్రుక ఎముక (కాలర్ బోన్) విరగడం సైక్లింగ్‌లో ఎక్కువ. చెయ్యి పైకి ఎత్తలేకపోతున్నా, తలకు దెబ్బ తగిలినా మళ్లీ సైకిల్ ఎక్కొద్దు. 108కి ఫోన్ చేయండి. విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు నాటు కట్టు మీద మా వాళ్లందరికీ ఎంతో గురి, ఆ ఊరి పేరు దేశమంతా తెలిసింది దానివల్లే. అయినా ముందు ఎక్స్‌రే తీయించండి.

9. పుత్తూరు, నారాయణవనం

ఇక 80 కి.మీ. రైడ్. తిరుపతి నుంచి వడమాలపేట, పుత్తూరు మీదుగా నారాయణవనం వెళ్లి రావడం. పద్మావతీ శ్రీనివాసుల కళ్యాణం జరిగిందని చెప్పుకునే ఊరు అది, కళ్యాణ వేంకటేశ్వరుడి గుడి ముందు నీడ బాగుంటుంది. ఇది పెద్ద రోడ్డు, చెన్నై వాహనాలు వస్తాయి. అందుకే ఐదుకే బయలుదేరి ఏడున్నరకల్లా నారాయణవనంలో ఉండి, ఎనిమిదికి తిరిగి బయలుదేరాలి. వచ్చేటప్పుడు అప్పలాయగుంట వైపు తిరిగితే ప్రసన్న వేంకటేశ్వరుడి గుడి, పక్కన కొండలు, చాలా తక్కువ వాహనాలు.

వారానికి పది శాతం చొప్పున దూరం పెంచుకుంటూ వస్తే, 50 తొక్కేవారికి 80 చేరడానికి ఐదారు వారాలు. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించండి. ఇంకా శక్తి ఉన్నవారు పుత్తూరు నుంచి కార్వేటినగరం దాకా మరో పన్నెండు కి.మీ. వెళ్లొచ్చు. ఆ దారిలో మామిడి తోటలు మొదలవుతాయి.

10. చిత్తూరు మామిడి మిట్టలు

నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి చివరికి దాచుకున్నాను. చిత్తూరు నుంచి కాణిపాకం, అక్కడి నుంచి అరగొండ వైపు, మళ్లీ చిత్తూరు. 50 కి.మీ.కి అటూ ఇటూ. తిరుపతి కంటే చిత్తూరు ఎత్తులో ఉంటుంది కాబట్టి పొద్దున గాలి ఇంకాస్త చల్లగా ఉంటుంది. తిరుపతి వాళ్లు సైకిల్‌ను కారులో వేసుకుని వెళ్లడమే మేలు, పెద్ద రోడ్డు మీద 70 కి.మీ. తొక్కి అలసిపోయాక మిట్టలు ఆనందించలేరు.

కాణిపాకం దాకా చదునుగానే ఉంటుంది. వినాయకుడికి దండం పెట్టుకుని బహుదా నది దాటాక రోడ్డు సన్నబడి, మిట్టలు మొదలవుతాయి. కుడి ఎడమల తోతాపురి, బేనీషా, నీలం తోటలు. కొమ్మలు కిందికి వంగి ఉంటాయి, మిట్ట పైకి చేరినప్పుడల్లా పచ్చని గొడుగుల వరసలు దూరం దాకా కనిపిస్తాయి. ఎక్కడా నిలువు ఎత్తు లేదు, ఎక్కడా పూర్తి చదును లేదు. గేర్లు మారుస్తూనే ఉండాలి. అరగొండ దగ్గర అర్ధగిరి ఆంజనేయస్వామి కొండ ఉంది, హనుమంతుడు సంజీవని పర్వతం తీసుకెళ్తుండగా సగం ముక్క ఇక్కడ పడిందని కథ. పైకి ఎక్కే దారి నిలువుగా ఉంటుంది. మొదటిసారి వచ్చినప్పుడు కింద నుంచే చూసి వెళ్లండి, కొండ ఎక్కిన కాళ్లతో తిరుగు మిట్టలు చాలా పొడవుగా అనిపిస్తాయి.

జనవరి నుంచి మార్చి లోపు వెళ్తే దారిలో ఎక్కడో ఒకచోట బెల్లం వండే పొగ కనిపిస్తుంది. ఆగండి. గానుగ దగ్గర అడిగితే చెరుకు రసం ఇస్తారు, పెనంలో అప్పుడే దిగిన వేడి బెల్లం ఆకులో పెట్టి ఇస్తారు. డబ్బు తీసుకోకపోతే కిలో బెల్లం కొనండి, వెనక సంచిలో పడుతుంది.

ఇంటికి రాగానే స్నానానికి ముందు సైకిల్ చూసుకోండి. తడి గుడ్డతో చైను తుడిచి, ఆరాక ఒక్కో లింకుకు ఒక్కో చుక్క నూనె వేసి, పైన మిగిలింది తుడిచేయండి. ఎర్రమట్టి దుమ్ము నూనెతో కలిస్తే చైనును ఆకురాయిలా అరగదీస్తుంది. తర్వాత చక్రం మెల్లగా తిప్పుతూ టైరును వెలుతురులో చూడండి. పైకి నల్ల చుక్కలా కనిపించేది చాలాసార్లు విరిగిన ముల్లే. సూదితో దాన్ని ఆ రాత్రే తీసేయండి, లేకపోతే వచ్చే ఆదివారం ఐదు గంటలకు తలుపు తీసేసరికి టైరు నేలకు అతుక్కుని ఉంటుంది.